తెల్ల కవ్వం

నేను గాజుసామాను కడిగే మనిషిని.
రోస్టాక్‌లో, వార్నో నది ఒడ్డున, మూడో అంతస్తు.
కిటికీ తెరిస్తే సముద్రపు కాకులు
నా సబ్బు నురగ చూసి చేప అనుకుని అరుస్తాయి.

అంతకుముందు చేపల ఫ్యాక్టరీలో ఉండేదాన్ని.
గోడ కూలిన రెండో ఏడు దాని గేటుకి తాళం పడింది.
ఇన్నేళ్లయినా వానలో తడిస్తే నా వేళ్లు
హెర్రింగ్ వాసనేస్తాయంటాడు హోల్గర్.
చేప కట్టిన గుడ్డ మరి.

డాక్టర్ అన్నెగ్రెట్ లూర్స్ ఇనుముని నమ్మింది.
పల్లాడియం దొరసాని, బంగారంతో తూగుతుంది.
ఇనుము మా ఓడరేవులో మేకు, లంగరు, తుప్పు.
ఎడమొహం పెడమొహంగా నిలబడ్డ రెండు కార్బన్ అణువులకి
చేతులు కలిపేది పేదలోహం ఎందుక్కాకూడదు, అనేది.

ఉత్ప్రేరకం అంటే ఏమిటని అడిగానొకసారి.
"పెళ్లి కుదిర్చి, భోజనానికైనా ఆగకుండా వెళ్లిపోయేది"
అని బడిపిల్లలకి చెప్పే మాట చెప్పి,
తనే తల అడ్డంగా ఊపింది.
"అబద్ధం. అదీ అలిసిపోతుంది, నల్లబడుతుంది,
పోతూ పోతూ తనని కాస్త అక్కడే వదిలిపోతుంది."
ఆ చివరి ముక్క
ఇద్దరం సరిగా వినలేదు.

మూడేళ్లు. నారింజరంగు ఇనుప లవణం,
రాత్రంతా ఎనభై డిగ్రీలు,
ఫ్లాస్కు అడుగున గిరగిరా తిరిగే
చిటికెన వేలి కొసంత అయస్కాంతపు కవ్వం.
పొద్దున్నే తొంభై ఒక్క శాతం!
ఆమె వ్యాసం అచ్చయిన రోజు
నాకూ ఒక గ్లాసు వైన్ పోశారు, బీకరులో కాదు, నిజం గ్లాసులో.

తర్వాత మాల్టె వచ్చాడు. కొత్త కుర్రాడు, శుభ్రం ఎక్కువ.
సొంతంగా కొత్త కవ్వం కొనుక్కున్నాడు.
సున్నా.
మళ్లీ చేశాడు. సున్నా.
వాడి చేతులే బాగాలేవనుకున్నాం అందరం,
వాడితో సహా.

ఆమె ఒక్కతే అనుకోలేదు.
ఒక శుక్రవారం రాత్రి పాత కవ్వం వేసి
ఇనుము వెయ్యడం మానేసింది.
ఇనుము లేదు. ఉప్పు రవ్వంత కూడా లేదు.
పొద్దున్న: ఎనభై తొమ్మిది.

ఆ కవ్వం నాకు తెలుసు.
ఆమెకు ముందు ఆ బల్ల దగ్గర ఎవరో పల్లాడియంతో పనిచేసి పోయారు.
దాని తెల్లటి ఒంటి మీద గీతలు, గీతల్లో బూడిదరంగు మరక.
ఆమ్లంలో నానబెట్టాను, బ్రష్షుతో తోమాను,
ఒకసారి చెత్తబుట్ట దాకా తీసుకెళ్లాను కూడా.
బాగా తిరిగే వస్తువుని పారెయ్యడానికి చెయ్యి రాలేదు.
మాకు అలా నేర్పలేదు.
సొరుగులో మళ్లీ పెట్టింది నేనే.

చెప్పాను. నిలబడే చెప్పాను, చేతులు తుడుచుకుంటూ.
ఆమె తిట్టలేదు. ఓదార్చలేదు కూడా.
సొరుగు మొత్తం కిటికీ కింద కుమ్మరించి
"ఇలాంటివి ఇంకెన్ని?" అంది.
వెలుతురుకి పట్టి పట్టి చూశాం.
నలభై ఒకటి.

పత్రికకి ఉత్తరం ఆమే రాసింది, మాల్టె పేరు ముందు పెట్టి.
*మేము ఇనుము అన్నది ఇనుము కాదు.*
అంతకంటే పొడుగ్గా ఉందిలే,
నాకు అర్థమైంది ఆ వాక్యమే.
సెమినార్లో ఎవరో నవ్వారట.
ఆమె మధ్యాహ్నం రొట్టె సగం తిని సగం కాగితంలో చుట్టింది.

సోమవారం కొత్త ఫ్లాస్కు, కొత్త కవ్వం,
మూడుసార్లు శుద్ధి చేసిన ఇనుము, కొంచెం వేరే ద్రావకం.
ఉదయం నేను బకెట్‌తో లోపలికి వస్తుంటే
కాగితం నా వైపు తిప్పింది.
నాలుగు శాతం.

నాలుగే.
"కానీ ఇవి ఇనుమువే," అంది,
ఫ్లాస్కు నా చేతికివ్వకుండా
తనే తొట్టి దగ్గరికి నడుస్తూ.